హార్నెస్ రేసింగ్‌కి కొత్తవాళ్లను తీసుకురావాలంటే ఏది మేలు: పెద్ద పందెం రోజా, చిన్న ట్రాకా, తెరా?

గుర్రప్పందెం అనగానే చాలామందికి గుర్రం వీపు మీద వంగి కూర్చున్న జాకీ గుర్తొస్తాడు. హార్నెస్ రేసింగ్‌లో జాకీ ఉండడు. గుర్రం వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలికైన బండి ఉంటుంది. అందులో కాళ్లు ముందుకు చాపుకుని, రెండు చేతుల్లో పగ్గాలు పట్టుకుని డ్రైవర్ కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు. ఎంత వేగంగా వెళ్లినా ట్రాట్‌లోనో పేస్‌లోనో, ఆ ఒక్క నడకలోనే వెళ్లాలి. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి లేస్తే ట్రాట్. ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి లేస్తే పేస్. 2022లో బుల్‌డాగ్ హానోవర్ అనే పేసర్ అమెరికాలోని మెడోలాండ్స్ ట్రాక్ మీద మైలు దూరాన్ని 1 నిమిషం 45.8 సెకన్లలో దాటేసింది. అంటే గంటకు 54 కిలోమీటర్ల పైమాటే, అదీ దౌడు తీయకుండా.

ఇంత మంచి ఆట చూపిద్దామని నేను స్నేహితుల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. కొందరు మళ్లీ వచ్చారు, చాలామంది రాలేదు. రానివాళ్లకి ఆట నచ్చక కాదు, అసలు ఏం చూడాలో తెలియక రాలేదు. డ్రైవర్ ఏం చేస్తున్నాడో అర్థమైన మనిషి మళ్లీ వస్తాడు. అర్థం కానివాడికి అన్ని పందేలూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కింద చెప్పేవాటిని నేను ఒకే ఒక్క కొలతతో చూస్తాను: ఆ సాయంత్రం అయ్యేసరికి కొత్తవాడికి డ్రైవర్ చేతులు కనిపించాయా, లేదా?

ముందు పెద్ద పందెం రోజు. జనవరి ఆఖరి ఆదివారం పారిస్‌లోని విన్సెన్ ట్రాక్ మీద జరిగే ప్రీ ద'మెరిక్, మే నెలాఖరులో స్టాక్‌హోమ్‌లోని సోల్‌వల్లాలో జరిగే ఎలిట్‌లోపెట్, 1926 నుంచి నడుస్తున్న అమెరికా హాంబుల్టోనియన్, ఇవి ఈ ఆటకి పండగలు. జనం, పాటలు, జెండాలు, టీవీ కెమెరాలు. ఆ సందడిలో నిలబడితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ మొదటిసారి వచ్చినవాడి వైపు నుంచి చూడండి. ప్రీ ద'మెరిక్‌లో పద్దెనిమిది గుర్రాలు దాకా ఉంటాయి, దూరం 2700 మీటర్లు. విన్సెన్ పెద్ద ట్రాక్‌లో ఒక దిగుడు, ఆ తర్వాత ఒక ఎక్కుడు ఉంటాయి. పందెం అక్కడే తేలుతుంది. ఎక్కుడులో ఎవరు గుర్రం బలాన్ని దాచుకున్నారు, ఎవరు తొందరపడ్డారు అన్నది తెలిసినవాడికి కన్నులపండగ. తెలియనివాడికి మాత్రం దూరంగా కదులుతున్న రంగుల గుంపు. మొదటిసారి నేను ఒక స్నేహితుణ్ణి అలాంటి పెద్ద రోజుకే తీసుకెళ్లాను. మూడో పందేనికల్లా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. తప్పు అతనిది కాదు, ఆ రోజు ఎంచుకున్న నాది.

పెద్ద రోజుల్లో ఎలిట్‌లోపెట్‌ని మాత్రం వేరుగా చెప్పాలి. పదహారు గుర్రాలు, ఎనిమిదేసి చొప్పున రెండు హీట్లు, అంటే వడపోత పందేలు, వాటిలో ముందొచ్చినవాటితో అదే మధ్యాహ్నం ఫైనల్. మైలు పందెమే కాబట్టి రెండు నిమిషాల లోపే అయిపోతుంది. అదే గుర్రాన్ని, అదే డ్రైవర్‌ని కొద్ది గంటల తేడాలో రెండుసార్లు చూస్తాం. హీట్‌లో మొదటి నుంచీ ముందుండి గెలిచినవాడు ఫైనల్లో కూడా అలాగే వెళ్తాడా, లేక ఈసారి వెనక కాచుకుంటాడా? ఈ ప్రశ్న కొత్తవాడి నోట కూడా వస్తుంది. పెద్ద రోజుకే వెళ్లాలంటే దీనికే నా ఓటు.

ఇక చిన్న ట్రాక్. అమెరికా, కెనడాల్లో అర మైలు ట్రాక్‌లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఊరి సంతల మైదానాల్లోనివే. ఒహాయోలోని డెలావేర్ కౌంటీ ఫెయిర్‌లో సెప్టెంబర్‌లో ఒక గురువారం జరిగే లిటిల్ బ్రౌన్ జగ్ 1946 నుంచీ అర మైలు ట్రాక్ మీదే నడుస్తోంది. అర మైలు ట్రాక్ మీద మైలు పందెం అంటే రెండు చుట్లు, నాలుగు మలుపులు. గుర్రాలు మీ ముందు నుంచే రెండుసార్లు పోతాయి. కంచె పక్కన నిలబడితే డెక్కల చప్పుడుతో పాటు డ్రైవర్ గుర్రానికి చెప్పే మాట కూడా వినిపిస్తుంది.

ఈ మలుపుల్లోనే ఆట గుట్టంతా ఉంది. లోపలి కంచె పక్క నుంచి వెళ్లే గుర్రం కంటే రెండు మీటర్లు బయటగా వెళ్లే గుర్రం ఒక్కో మలుపులో ఆరు మీటర్లకు పైగా ఎక్కువ దూరం పరిగెత్తాలి. నాలుగు మలుపులూ బయటే ఉండిపోతే పాతిక మీటర్లు. అంటే సుమారు పది గుర్రాల పొడవు. దానికి తోడు ఎదురుగాలి. అందుకే తెలివైన డ్రైవర్ ముందున్నవాడి వెనకే లోపలి వైపు దూరి కూర్చుంటాడు. ఆ చోటుని పాకెట్ అంటారు. గాలి తగలదు, దూరం పెరగదు. కానీ పక్కన ఇంకో బండి వచ్చి నిలిస్తే బయటికి రావడానికి దారి ఉండదు, బలం మిగిలి ఉన్న గుర్రంతోనే ఓడిపోవాలి. ఎప్పుడు లోపల దాక్కోవాలి, ఎప్పుడు దూరం నష్టపోయినా సరే బయటికి రావాలి అన్నదే డ్రైవర్ పనితనం. ఈ లెక్క ఒక్కసారి చెబితే చాలు, కొత్తవాడు రెండో పందెం నుంచే మలుపుల వైపు చూడటం మొదలుపెడతాడు. పెద్ద మైలు ట్రాక్ మీద మలుపులు రెండే, అవీ దూరంగా. అక్కడ ఇది ఇంత తేటగా కనిపించదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. జాకీల పందేల్లో రంగులు గుర్రం యజమానివి, అందుకే ఒకే జాకీ పందెం పందేనికీ కొత్త రంగుల్లో కనిపిస్తాడు. ఉత్తర అమెరికా హార్నెస్ రేసింగ్‌లో రంగులు డ్రైవర్‌వే. సాయంత్రమంతా అతను అవే వేసుకుంటాడు. అందుకని కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే: గుర్రాన్ని ఎంచుకోకండి, డ్రైవర్‌ని ఎంచుకోండి. ఒక మంచి డ్రైవర్ ఒక్క రాత్రిలో ఏడెనిమిది గుర్రాలు తోలతాడు. ఒకదాన్ని మొదట్లోనే ముందుకు తీస్తాడు, ఇంకోదాన్ని చివరి దాకా కదలనివ్వడు. ఎందుకలా అని మీకే అనుమానం వస్తుంది. అక్కడి నుంచి మీరు ఈ ఆట మనిషే.

తెర మీద చూడటాన్ని నేను తక్కువ చేయను. దాని పని వేరు. అదే పందేన్ని మళ్లీ మళ్లీ వేసుకుని, ఒక్కోసారి ఒక్కో డ్రైవర్‌ని చూస్తే నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. మొదటి పరిచయానికి మాత్రం సరిపోదు. కెమెరా ఎప్పుడూ ముందున్న గుర్రం వెంటే ఉంటుంది, నేర్చుకోవాల్సిందేమో నాలుగో స్థానంలో జరుగుతూ ఉంటుంది. బెట్టింగ్ చూపించి జనాన్ని లాగడం కూడా అంతే. డబ్బు పెట్టినవాడు తన నంబర్‌నే చూస్తాడు, ఆ నంబర్ ఓడితే లేచి వెళ్లిపోతాడు.

రూజ్‌వెల్ట్ రేస్‌వే అనే ట్రాక్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1940లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో వాళ్లు రాత్రిపూట దీపాల వెలుగులో పందేలు మొదలుపెట్టారు. కానీ ఆ రోజుల్లో బయల్దేరే దగ్గరే గుర్రాలు వరస తప్పడం, వెనక్కి పిలవడం, మళ్లీ మొదలుపెట్టడం. జనానికి విసుగు. 1946లో కారు వెనక రెండు రెక్కల్లా అమర్చిన కదిలే గేటు వచ్చింది. గుర్రాలు దాని వెనక వరసగా నడుస్తూ వస్తాయి, గీత దగ్గర కారు వేగం పెంచి రెక్కలు ముడుచుకుని తప్పుకుంటుంది. విసుగు పోయింది, జనం వెల్లువెత్తారు. దీపాల కంటే ఆ గేటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ప్రచారం చేసేవాళ్లు ముందు కొత్తవాడికి ఎక్కడ విసుగు పుడుతోందో వెతకాలి. ఈ రోజుల్లో అది పందేనికీ పందేనికీ మధ్య ఉండే ఇరవై నిమిషాల ఖాళీ. ఆ ఖాళీలో ఒక డ్రైవర్‌ని మైకు ముందు నిలబెట్టి, ఇప్పుడే అయిన పందెం తెర మీద వేసి, 'ఇక్కడ నేను ఎందుకు ఆగానంటే' అని చెప్పిస్తే చాలు.

మరి ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఇందులోనూ రెండు రకాలు. మొదటివాళ్లు ఎవరు పిలిస్తే వాళ్ల గుర్రాన్ని తోలే డ్రైవర్లు. అమెరికాకి చెందిన డేవ్ పలోన్ ఇలాంటివాడే. 2014లో జర్మనీకి చెందిన హైన్స్ వెవరింగ్ రికార్డుని దాటి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పందేలు గెలిచిన డ్రైవర్ అయ్యాడు. హాంబుల్టోనియన్ ఆరుసార్లు గెలిచిన జాన్ క్యాంప్‌బెల్‌దీ ఇదే దారి. గుర్రం వెనక మొదటిసారి కూర్చున్నా, వామప్‌లో పగ్గాలు పట్టుకోగానే దాని నోరు మెత్తనో మొండో, అంటే పగ్గం కదపగానే మాట వింటుందో లేదో, వీళ్లకి తెలిసిపోతుంది. వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది సమయం. రెండోవాళ్లు సొంతంగా శిక్షణ ఇచ్చి తోలేవాళ్లు. స్వీడన్, ఫ్రాన్స్‌లలో వీళ్లు ఎక్కువ. గుర్రానికి నాడాలు ఉంచాలా, తీసేయాలా అన్నది కూడా వీళ్ల వ్యూహంలో భాగమే. ఫ్రాన్స్ పందేల పట్టికలో గుర్రం పక్కన డీ4 అని ఉంటే నాలుగు కాళ్లకీ నాడాలు లేవని అర్థం. వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది గుర్రం. చూడ్డానికి వచ్చేవాడికి మొదటిరకం మేలు, తోలడం నేర్చుకోవాలనుకునేవాడికి రెండోరకం.

కుదిరితే పక్క సీటు. కొన్ని ట్రాక్‌లలో రెండు సీట్ల బండిలో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుతారు. ఒక్క చుట్టే. పగ్గం అర అంగుళం కదిలినా గుర్రం ఎలా మారుతుందో అంత దగ్గరగా ఇంకెక్కడా తెలియదు. పిల్లలుంటే స్వీడన్‌లో చేసేదే మంచి పని. అక్కడ పిల్లల చేతికే పోనీ బండి పగ్గాలు ఇచ్చి పందేలు పెడతారు. ప్రచారానికి డబ్బు తక్కువ ఉంటే నేనైతే పోస్టర్లు మానేసి ఈ రెండింటికే ఖర్చుపెడతాను.

నా వరస ఇది: మొదట చిన్న ట్రాక్, ఒకే డ్రైవర్. తర్వాత తెర మీద అవే పందేలు. ఆ తర్వాతే పెద్ద రోజు. ఈ వరస తిరగేస్తే మనుషులు జారిపోతారు.

ఫోన్ చూసుకున్న ఆ స్నేహితుణ్ణి తర్వాత ఒక చిన్న ట్రాక్‌కి మళ్లీ తీసుకెళ్లాను. గుర్రం చెవుల్లో ప్లగ్‌లు పెడతారని, చప్పుడు వినపడక అది నిమ్మళంగా నడుస్తుందని, చివరి మలుపు తిరిగాక డ్రైవర్ తాడు లాగి వాటిని తీసేస్తాడని మాత్రమే చెప్పాను. ఒక్కసారిగా చప్పుడంతా వినపడి గుర్రం ముందుకు దూకుతుంది. రెండు పందేలు మాట్లాడకుండా చూశాడు. మూడో పందెంలో గుర్రాలు చివరి మలుపు తిరుగుతుండగా కంచె పట్టుకుని నా చెయ్యి గిల్లాడు. "చూడు, ఇప్పుడు లాగుతాడు!"