పాత కంప్యూటర్లలో ఓఎస్ ఎక్కించేవారికి మెమ్‌టెస్ట్86+, స్మార్ట్‌సీటీఎల్: ఏళ్ల తరబడి వాడిన మీదట నా సమీక్ష

ఒంగోలు, చీమకుర్తి ప్రాంతాల డీటీపీ సెంటర్లలోనూ గ్రానైట్ ఆఫీసుల్లోనూ కోర్ 2 డ్యుయో కాలం నాటి కంప్యూటర్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిలో డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఎక్కించే పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇన్‌స్టలేషన్ సగంలో ఉండగా ఫైలు పాడైందంటూ ఆగిపోవడం, లేదా అంతా సవ్యంగా ముగిసినట్టే ఉండి వారం తిరగకుండానే ఫైల్ సిస్టమ్ చెడిపోవడం ఈ పనిలో తరచూ ఎదురవుతుంది. అప్పుడు అందరూ ముందుగా అనే మాట "హార్డ్ డిస్క్ పోయింది, మార్చేయండి" అని. కొత్త డిస్క్ కొని బిగించాక కూడా అదే తంతు జరిగితే ఆ డబ్బు దండగే. పెన్ డ్రైవ్‌లోని సమాచారం ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి కేబుల్ గుండా డిస్క్‌కు చేరుతుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా, డిస్క్ ఆ తప్పునే పొల్లుపోకుండా రాసుకుంటుంది. అందుకే డిస్క్‌ను అనుమానించే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ నడపాలని నేను గట్టిగా చెబుతాను.

పరీక్షకు ముందే ఒక సంగతి గమనించవచ్చు. ఒకే పెన్ డ్రైవ్‌తో మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ప్రతిసారీ ఒకే ప్యాకేజీ దగ్గర ఆగితే ఐఎస్ఓ ఫైలునో (డౌన్‌లోడ్ చేసిన ఇన్‌స్టలేషన్ ఫైలు), పెన్ డ్రైవ్‌నో అనుమానించాలి. ఐఎస్ఓ షా256 విలువను (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే గుర్తు) డెబియన్ ఇచ్చినదానితో సరిచూస్తే అది చాలావరకు తేలిపోతుంది. ఒకసారి ఒక ప్యాకేజీ దగ్గర, మరోసారి ఇంకో ప్యాకేజీ దగ్గర ఆగితే మాత్రం తప్పు దాదాపుగా ర్యామ్‌దే, లేదా దాని స్లాట్‌ది.

చీమకుర్తిలోని ఒక ఆఫీసు కంప్యూటర్ సరిగ్గా ఇలాగే ప్రవర్తించింది. మెమ్‌టెస్ట్ నీలిరంగు తెర మీద ఉండవలసిన విలువ, కనిపించిన విలువ పక్కపక్కనే వచ్చాయి. ర్యామ్‌లోని చోటు మారినా తేడా ఎప్పుడూ అదే ఒక్క బిట్‌లో ఉంది. ర్యామ్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, స్లాట్‌లో పేరుకున్న రాతి దుమ్మును బ్రష్‌తో తీసి, ఒక్కొక్క ర్యామ్‌ను ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి చూస్తే రెండు ర్యాములూ మంచివేనని, చెడిపోయింది రెండో స్లాటేనని తేలింది. మొదటి స్లాట్‌లో ఒకే ర్యామ్‌తో, అదే పాత డిస్క్‌తో ఆ కంప్యూటర్ నేటికీ బిల్లులు తీస్తోంది.

ఈ పరీక్షకు ఓపిక కావాలి. మొదటి విడత తప్పులేకుండా ముగిసిందని సంతోషపడకూడదు; వేడెక్కాక మాత్రమే తప్పులు చూపే ర్యాములు ఉన్నాయి కాబట్టి రాత్రంతా నడపడమే మేలు. 2022లో వచ్చిన 6.00 వెర్షన్ యూఈఎఫ్‌ఐ (పాత బయోస్‌కు బదులు వచ్చిన స్టార్టప్ వ్యవస్థ) ఉన్న యంత్రాల మీద కూడా నడుస్తుంది. అయితే ఇది ప్రధానంగా ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను మాత్రమే శ్రమపెడుతుంది. డిస్క్ తిరుగుతూ రాస్తున్నప్పుడు మాత్రమే వోల్టేజీ పడిపోయే బలహీనమైన ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను) ఇది పట్టుకోలేదు. ఇది చిన్న లోపం కాదు.

డిస్క్ సంగతి తేల్చేది స్మార్ట్‌సీటీఎల్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి దాచుకున్న లెక్కలను చూపే ప్రోగ్రామ్. అది పైన చూపే "పాస్డ్" అన్న తీర్పును నేను లెక్కచేయను, ఎందుకంటే చదవలేని సెక్టార్లు (డిస్క్‌లో సమాచారం ఉండే చిన్న గళ్లు) ఉన్న డిస్క్‌కు కూడా ఆ తీర్పు వస్తుంది. చూడవలసినవి కింది పట్టికలోని 5 (పాడై, బదులు చోటుకు మార్చిన సెక్టార్లు), 197 (చదవడం కష్టమై ఇంకా తేలని సెక్టార్లు), 198 (చదవలేకపోయిన సెక్టార్లు), 199 (కేబుల్ దారిలో వచ్చిన తప్పులు) అంశాలు. మొదటి మూడూ పెరుగుతుంటే డిస్క్ నిజంగానే పాడవుతున్నట్టు. అందులో విలువైన ఫైళ్లు ఉంటే ముందు వాటిని బయటికి తీసుకోవాలి. 199 ఒక్కటే పెరుగుతుంటే తప్పు సాధారణంగా కేబుల్‌ది. ఈ అంకె తిరిగి తగ్గదు కాబట్టి, పాత విలువ రాసిపెట్టుకుని, కేబుల్ మార్చాక అది అక్కడే నిలిచిందో లేదో చూడాలి. కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పుపట్టిన కంప్యూటర్లలో నేను దీన్ని ఎక్కువగా చూశాను. కేబుల్‌లో వచ్చే తప్పులను సీఆర్‌సీ అనే సరిచూసే లెక్క పట్టుకోగానే కంప్యూటర్ ఆ సమాచారాన్ని మళ్లీ పంపిస్తుంది కనుక, అక్కడ ఫైళ్లు గుట్టుగా చెడిపోవడం అరుదు; ఇన్‌స్టలేషన్ ఆగి ఆగి సాగుతుంది. గుట్టుగా చెడిపోతుంటే మళ్లీ ర్యామ్ వైపే చూడాలి.

ఐడీఈ (సాటాకు ముందు డిస్క్‌ను కలిపిన పాత పద్ధతి) కాలపు యంత్రాలకు ఇంకో ప్రమాదం ఉంది. డిస్క్‌లోని చోటును గుర్తించే 28 బిట్ల చిరునామాతో 137 జీబీ వరకే అందుతుంది. సర్వీస్ ప్యాక్ 1 లేని విండోస్ ఎక్స్‌పీ వంటి వాటిలో 160 జీబీ డిస్క్ పెడితే, ఆ హద్దు దాటిన రాతలు డిస్క్ మొదటి భాగం మీద పడి అక్కడున్నదాన్ని చెరిపేయగలవు.

ఇన్‌స్టలేషన్ అయ్యాక సరిచూడడానికి డెబ్‌సమ్స్ వాడుతున్నాను. అది ప్యాకేజీల ఫైళ్లను వాటి అసలు చెక్‌సమ్‌లతో (షా256 లాంటి గుర్తులతో) పోలుస్తుంది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెలిగించిన తర్వాతే దాన్ని నడపాలి. లేకపోతే ఇంకా ర్యామ్‌లోనే నిలిచి ఉన్న ప్రతిని చూసి అంతా బాగుందని చెప్పే వీలుంది.