కాన్సర్ట్ ఫొటో పాసుకు డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి

నిన్న రాత్రి ఒక షో గేటు దగ్గర మోసపోయానని తెలుసుకుని ఇంటికొచ్చాను. తెల్లవార్లూ నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను కానీ ఈలోగా ఇంకెవరైనా డబ్బు కట్టేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను. ఆ పేజీ మీలో చాలామందికి తెలుసు. హైదరాబాద్‌లో ప్రతి పెద్ద షోకి ముందు "కొత్త ఫొటోగ్రాఫర్లకు, రివ్యూలు రాసేవాళ్లకు మీడియా పాస్ ఇప్పిస్తాం" అని పోస్టు పెడతారే, వాళ్లే. ఫిర్యాదు పెట్టాను కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్లకు నేను కట్టింది 8,500 రూపాయలు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. చేసేది అకౌంట్స్ ఉద్యోగం, పాటలంటే ప్రాణం. ఏడాది క్రితం ఒక పాత మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం 1.8 లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లామకాన్‌లో ఓపెన్ మైక్‌లు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు, ఎక్కడ పాట ఉంటే అక్కడికి వెళ్లేవాణ్ణి. ఇంటికొచ్చి ఎవరు ఏం పాడారు, ఎక్కడ బాగుంది, మైకు ఎక్కడ కీచుమంది అని తెలుగులో ఒక పేజీ రాసుకునేవాణ్ణి. గానసభలో మొదటిసారి ఆలాపన మధ్యలో నా షటర్ టకటకమంటే ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది. సైలెంట్ మోడ్ పెడితే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో నిండా అడ్డచారలు. ఆఖరికి తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం లాంటి వాద్యాలు మాత్రమే మోగే భాగం, వచ్చేదాకా ఆగి, మృదంగం జోరులో నొక్కడం నేర్చుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత ఓపికగా నేర్చుకున్నవాణ్ణి ఒక్క మెసేజ్‌కి పడిపోయాను.

ఆ పేజీ నడిపేవాడు రెండు నెలల కిందట తనే పలకరించాడు. "తమ్ముడూ, నీ ఫొటోల్లో ప్రాణం ఉంది" అన్నాడు. ఆ మాట నాతో అంతవరకూ ఎవరూ అనలేదు. ట్రయల్ అంటూ రెండు చిన్న షోలకు పంపాడు, ఫుల్ సైజు ఫొటోలు అడిగాడు, ఇచ్చేశాను. మర్నాడు చూస్తే అవి వాళ్ల లోగోతో ఉన్నాయి, నా పేరు ఎక్కడా లేదు. అడిగితే "మొదట్లో అందరికీ అంతే తమ్ముడూ, పెద్ద షోకి నీ పేరు వేస్తాను" అన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. ఆ తప్పు నాదే.

తర్వాత నిన్నటి సినిమా పాటల షో గురించి చెప్పాడు. స్టేజి ముందు ఫొటోగ్రాఫర్ల కోసం వదిలే జాగాలో మొదటి మూడు పాటలు తీయొచ్చు, ఫ్లాష్ వాడకూడదు, పాసుకు ప్రాసెసింగ్ ఫీజు 8,500 అన్నాడు. మూడు పాటలు, నో ఫ్లాష్ అనే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల నిజంగానే ఉంది. అది విని మిగతాదీ నిజమే అనుకున్నాను. డబ్బు వెళ్లింది అతని సొంత యూపీఐ నంబరుకి. రసీదు లేదు. నేను ఆఫీసులో రోజూ వంద రూపాయల బిల్లుకు కూడా రసీదు అడిగే మనిషిని.

నిన్న సగం రోజు సెలవు పెట్టి, 1,500 అద్దెకు 70-200 జూమ్ లెన్స్ తెచ్చుకుని వెళ్లాను. గేటు దగ్గర వాళ్ల కుర్రాడొకడు తాడుకు కట్టిన కార్డు చేతిలో పెట్టి మాయమయ్యాడు. సెక్యూరిటీ అతను స్కాన్ చేస్తే మెషిన్ మీద ఎర్ర లైటు. మళ్లీ చేశాడు, మళ్లీ ఎరుపే. "సార్, ఇది మాది కాదు" అన్నాడు. ఆయన్ను ఏమీ అనను, మర్యాదగానే చెప్పాడు. నా పక్కనే ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, వరంగల్ నుంచి వాళ్ల నాన్నతో బస్సులో వచ్చింది. తన మెడలోనూ అదే కార్డు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నంబరు ఒకటే. క్యూఆర్ కోడ్ ఒకటే. అంచులు కత్తెరతో వంకరగా కోసి ఉన్నాయి. చేతిలో పెట్టుకుని అరగంట నిలబడ్డాను, అప్పటిదాకా ఆ వంకర నా కంటికి కనబడలేదు.

అప్పుడే అతను కనిపించాడు. బారికేడ్‌కి అవతల, నాకు పది అడుగుల దూరంలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మెడలో కార్డు ఉంది, అది అసలుదే అయి ఉంటుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అన్నా! అన్నా!" అని పిలిచాను. తిరిగి చూశాడు. నన్ను గుర్తుపట్టాడు, అందులో నాకు సందేహం లేదు. రెండు నెలల్లో మూడుసార్లు కలిసి టీ తాగాం. సెక్యూరిటీ అతను "సార్, ఈయన మీ మనిషేనా?" అని అడిగితే, నా కళ్లలోకి చూస్తూనే అన్నాడు: "ఎవరో నాకు తెలీదు బాస్. రోజూ ఇలాంటివాళ్లు వస్తుంటారు, పక్కకి పంపించు."

ఆ తర్వాత అటు తిరిగి మళ్లీ నవ్వుతూ మాట్లాడుకున్నాడు. 8,500 పోతే పోయింది, మళ్లీ సంపాదించుకుంటాను. "ఎవరో నాకు తెలీదు" అన్న ఆ మాట మాత్రం రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది. ఆ అమ్మాయి ఏడవలేదు. వాళ్ల నాన్న మాత్రం "పోనీలేమ్మా, పోనీలే" అంటూ కెమెరా బ్యాగు తన భుజానికి తగిలించుకున్నారు. ఆయన గొంతు వణికింది.

అప్పటికప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్దామన్నా కుదరదు. మామూలు టికెట్ మీద ప్రొఫెషనల్ కెమెరాలు అనుమతించమని షో నిబంధనల్లోనే ఉంది, కెమెరా దాచుకునే చోటూ లేదు. కిలోన్నర లెన్స్ భుజాన వేసుకుని పార్కింగ్‌లో నా బండి పక్కన నిలబడ్డాను. ఏడున్నరకు జనం ఒక్కసారిగా అరిచారు. మొదటి పాట, రెండో పాట, మూడో పాట. నేను డబ్బు కట్టిన ఆ మూడు పాటలూ గోడ బయటే విన్నాను. మూడోది అయ్యాక బండి తీశాను.

దారిలో ఫోన్ చేస్తే ఎత్తాడు. "గేటు దగ్గర సీన్ చేసి నా పరువు తీశావు. ఫీజు రిఫండ్ ఉండదు, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. నన్ను అన్నిచోట్లా బ్లాక్ చేశాడు. రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు కట్టి పన్నెండు రోజులైంది కాబట్టి తిరిగొస్తుందన్న ఆశ పెద్దగా లేదు. మీకు ఇలా జరిగితే అదే గంటలో చేయండి, ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపించే వీలుంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు ముక్కలు. ఫొటో పాస్ అమ్మే సరుకు కాదు. నిర్వాహకులో, వాళ్ల పీఆర్ టీమో, కళాకారుల మేనేజ్‌మెంటో ఇస్తారు. మీ రివ్యూలు ఎక్కడ వస్తాయని అడుగుతారు, మీ ఫొటోలు చూస్తారు. డబ్బు అడిగారంటే వెనక్కి తిరగండి. మధ్యలో ఎవరైనా పాస్ ఇప్పిస్తామంటే, నిర్వాహకులకే నేరుగా మెయిల్ పెట్టి మీ పేరు లిస్టులో ఉందో లేదో కనుక్కోండి. నేను ఆ ఒక్క మెయిల్ పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ట్రయల్ పేరుతో ఫుల్ సైజు ఫొటోలు ఎవరికీ ఇవ్వకండి, చిన్న సైజువి పంపండి, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు (RAW) మీ దగ్గరే ఉంచుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకోకుండా మీకు మీరుగా తీసిన ఫొటో మీదే. దాని మీద ఎవరో లోగో వేసినంత మాత్రాన వాళ్లదైపోదు. నా ఫొటోలు తీసేయమని ఈరోజు ఆ పేజీకి రాతపూర్వకంగా పంపుతున్నాను.

పెద్ద షోలతోనే మొదలుపెట్టాలని కూడా లేదు. గానసభలో, కాలేజీ ఫెస్టుల్లో, శ్రీరామనవమి పందిళ్లలో మర్యాదగా అడిగితే తీసుకోనిస్తారు. కచేరీ అయ్యాక ఫొటో పంపితే కళాకారులు ఎంత సంతోషిస్తారో నేను చూశాను.

ఈరోజు పొద్దున ఏడింటికి ఆ పేజీలో వచ్చే నెల షోకి మళ్లీ అదే పోస్టు పెట్టారు. అప్పుడే ముప్పై మంది దాకా "ఇంట్రెస్టెడ్" అని రాశారు. నేను, ఆ వరంగల్ అమ్మాయి వాళ్ల నాన్నగారు సోమవారం పదింటికి సైబర్ క్రైమ్ స్టేషన్‌కి వెళ్తున్నాం. ఆ పేజీకి డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, కట్టిన స్క్రీన్‌షాట్, వాళ్లిచ్చిన కార్డు ఫొటో ఆదివారం సాయంత్రంలోగా నాకు పంపండి. కార్డు మీద నంబరు స్పష్టంగా కనబడేలా తీయండి.