ఎడారిలో పండిన మాల్బెక్ తాగితే తగిలేది ఎండ కాదు, చల్లదనం

ఎడారి ద్రాక్షతో చేసిన వైన్ అనగానే ఎండకి మగ్గిపోయిన పండు రుచి, జామ్ లాంటి తీపి, గొంతులో మంట, ఇవే ఉంటాయనుకుంటాం. అర్జెంటీనాలోని మెండోసా రాష్ట్రం, ఊకో లోయలో మాల్బెక్ అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌లో మొదటి గుక్కకి తగిలేది మాత్రం పులుపు. మంచి పులుపు, ఇంకో ముద్ద తినాలనిపించేది. చౌక సీసాల సంగతి వేరు, నేను చెప్పేది లేబుల్ మీద ఆ లోయలోని గువల్తయారీ, అల్తమీరా లాంటి చోట్ల పేర్లు ఉన్నవాటి గురించి.

మెండోసాలో ఏడాదంతా కలిపినా వాన దాదాపు 200 మిల్లీమీటర్లే. తోటలకి ఆధారం ఆండీస్ మీద కరిగే మంచు నీరు. దాన్ని కాలువల్లో మళ్ళించడం స్పానిష్ వాళ్ళు రాకముందే అక్కడి హువార్పే జనం మొదలుపెట్టారు, ఇప్పటికీ మెండోసా వీధుల పక్కన అసేకియాలు అనే ఆ కాలువలు మూతల్లేకుండా పారుతుంటాయి, ఫోన్ చూసుకుంటూ నడిచేవాళ్ళు జాగ్రత్త. వాన లేదు కాబట్టి బూజు తెగుళ్ళ బెడద తక్కువ, నీళ్ళు ఎప్పుడు ఎంత పెట్టాలన్నది చాలావరకు రైతు చేతిలో ఉంటుంది, వడగళ్ళ వానంటే మాత్రం పెద్ద భయం, అందుకే చాలా తోటల మీద వలలు కప్పి ఉంటాయి. అసలు సంగతి ఎత్తు. ఈ లోయలో తోటలు 900 మీటర్ల నుంచి 1,500 పైదాకా ఉంటాయి. పగలు చురుక్కుమనే ఎండకి తొక్క మందమెక్కి రంగూ వగరూ పడతాయి, రాత్రి చలికి కాయలో పులుపు నిలబడుతుంది.

గ్లాసు కాస్త వంచి చూడండి, మధ్యలో దాదాపు నలుపు, అంచుకి వచ్చేసరికి మెరిసే ఊదా. వయొలెట్ పూల వాసన, నల్ల ప్లమ్ పండు రుచి, తాగాక నాలుక నేరేడు పళ్ళు తిన్నట్టు అయిపోతుంది. ఈ ద్రాక్ష రకం పుట్టిల్లు ఫ్రాన్స్, కాఓర్ ప్రాంతం దీనికే పేరు. 1853 ప్రాంతంలో మిషెల్ పుజే అనే ఫ్రెంచ్ నిపుణుడి ద్వారా అర్జెంటీనా చేరింది. కాఓర్‌లో కాస్త మొరటుగా, వగరుగా ఉండే ద్రాక్ష ఇక్కడ మెత్తబడింది, నా ఓటు ఇక్కడిదానికే.

నచ్చనిదల్లా వైన్ నిలవ ఉంచే ఓక్ చెక్క పీపాల అతి. లేబుల్ మీద రిసెర్వా అని రాయాలంటే ఎర్ర వైన్‌ని అక్కడి రూల్ ప్రకారం కనీసం 12 నెలలు నిలవ ఉంచాలి, కొందరు ఆ నెలలన్నీ కొత్త పీపాలోనే పెట్టేస్తారు, ఇక వనిల్లా, కాఫీ తప్ప పండు ఎక్కడుందో తెలీదు. డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ రుచి కొనుక్కున్నట్టే, ఓక్ తక్కువ ఉన్న కుర్ర వైన్ అడగండి. వెచ్చగా తెచ్చిపోస్తే మొహమాటపడకుండా ఐసు బకెట్ అడిగి పావుగంట పెట్టించండి, 16 డిగ్రీల దగ్గర ఉంటే ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొట్టదు.

తిండి విషయానికొస్తే అందరూ చెప్పేది అసాదో, అంటే నిప్పుల మీద నెమ్మదిగా కాల్చిన గొడ్డు మాంసం. నిజమే, కొవ్వూ ఉప్పూ కలిస్తే వైన్ వగరు ఇట్టే సర్దుకుంటుంది. అందులోనూ ఎంత్రాన్యా అనే పల్చటి, నార ఎక్కువున్న ముక్క తెప్పించుకోండి, మెత్తటి ఖరీదైన ఫిలే కంటే ఇదే బాగా కుదురుతుంది, నమలడానికి పని ఉండాలి మరి. నాకు అంతకంటే నచ్చింది ప్రొవొలేతా. గుండ్రటి చీజ్ ముక్కని ఒరేగానో చల్లి కాలుస్తారు, పైన పొర కరకరలాడుతుంటే లోపల సాగుతుంటుంది, మాంసం తిననివాళ్ళకి ఇంతకంటే మంచి జోడీ లేదు. మాంసంతో పాటు ఆలివ్, ఉడికించిన గుడ్డు పెట్టి కజ్జికాయలా మడిచే మెండోసా ఎంపనాడా కూడా బాగానే ఉంటుంది. మాంసం మీద వేసుకునే చిమిచుర్రీ సాస్ మాత్రం కొద్దిగానే, అందులో వెనిగర్ ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది. చేపతో వద్దు, నోట్లో ఇనుము రుచి మిగులుతుంది. భోజనం చివర దుల్సే దే లెచే, అంటే పాలూ చక్కెరా మరిగించిన చిక్కటి పాకం, వేసిన ఫ్లాన్ అనే గుడ్డు పుడ్డింగ్ వస్తుంది చూడండి, ఆ తీపి మీద ఈ వైన్ తాగితే ఒట్టి పులుపూ చేదే, ముందే గ్లాసు ఖాళీ చేసేయండి.