మూత మీద ఆకు బొమ్మ ఉన్న తెల్ల డబ్బా క్రీమ్ కొనకండి, నా ముఖం పాడైపోయింది

నిన్న సాయంత్రం స్కిన్ డాక్టర్ దగ్గర నుంచి వచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. "హార్మోన్ మొటిమలకి నేచురల్ కిట్" అంటూ రోజూ వీడియోలు పెట్టే ఆ పేజీ మీలో చాలామందికి తెలుసు. తెల్ల డబ్బా, మూత మీద ఆకు బొమ్మ. ఇంకేం చెప్పక్కర్లేదు.

నాకు 32 ఏళ్లు. కాలేజీ రోజుల్లో మొటిమలే లేవు. రెండేళ్లుగా గడ్డం మీద, దవడ పొడుగునా లోపల గడ్డ కట్టినట్టు లేస్తున్నాయి. ముట్టుకుంటే నొప్పి. పీరియడ్స్‌కి వారం ముందు మొదలై, తర్వాత నల్లమచ్చ వదిలి పోతాయి. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఆ టెన్షన్ ఒకటి. ఆ పేజీ నడిపే ఆవిడకి మెసేజ్ పెట్టాను. కిట్ 3,800 రూపాయలు, ఒక క్రీమ్, ఒక పొడి. కొన్నాను.

పది రోజుల్లో ముఖం తేటపడింది. గడ్డలన్నీ అణిగిపోయాయి. అమ్మ కూడా "ఎన్నాళ్లయిందే నీ ముఖం ఇలా చూసి" అంది. ఆ సంతోషంలో రెండో కిట్ కొన్నాను. ఆఫీసులో ఇద్దరికి నేనే చెప్పి కొనిపించాను. డబ్బు పోతే పోయింది, ఆ ఇద్దరి ముఖాలు చూడలేకపోతున్నాను.

రెండో నెలలో పెదనాన్న వాళ్ల ఊరెళుతూ డబ్బా మర్చిపోయాను. మూడో రోజుకి ముఖమంతా ఎర్రగా కందిపోయి, అంతా ఒకే సైజులో సన్న పొక్కులు. చన్నీళ్లు తగిలినా కారం పూసినట్టు మంట. బుగ్గల మీద ఇంతకు ముందు లేని నూగు వెంట్రుకలు. పొయ్యి దగ్గర నిలబడలేక వంటింట్లోంచి ఏడుస్తూ బయటికి వచ్చేశాను.

ఫోటోలు తీసి ఆవిడకి పంపాను. అప్పటిదాకా "అక్కా, మీరు మా ఇంటి మనిషి" అన్న మనిషి. సంబంధాల గురించి, వచ్చినవాళ్లు నా ముఖం చూసి వెళ్లిపోయిన సంగతి, అన్నీ ఆవిడకి చెప్పుకున్నాను. సొంత చెల్లికి కూడా చెప్పనివి. రెండు గంటల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. "మా క్రీమ్ అందరికీ పని చేస్తోంది. మీ ఒంట్లో ఉన్న చెడే బయటికి వస్తోంది. పెళ్లి కుదరలేదన్న కోపం నా మీద చూపించకండి." అంతే. నేను జవాబు టైప్ చేస్తుండగానే ప్రొఫైల్ ఫోటో మాయమైంది. బ్లాక్ చేసింది. ఆ వాయిస్ పదిసార్లు విన్నాను. నమ్మి చెప్పుకున్న మాటతోనే నన్ను కొట్టింది. మంట తగ్గుతుందేమో గానీ ఆ మాట తగ్గదు.

డాక్టర్ ముఖం చూడగానే "ఏ క్రీమ్ వాడారు?" అని అడిగారు. డబ్బా ఇచ్చాను. తిప్పి చూశారు. అందులో ఏముందో లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తయారీ లైసెన్స్ నంబర్ లేదు, ఎక్స్‌పైరీ లేదు. నేను రెండు నెలలు రోజూ చేత్తో పట్టుకున్న డబ్బా అది. ఒక్కసారి కూడా చూడలేదు. క్రీమ్‌లో కచ్చితంగా ఏముందో ల్యాబ్‌లోనే తేలాలి గానీ, ముఖం తీరు మాత్రం స్టెరాయిడ్ వాడిన ముఖమే అన్నారు. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, అందుకే పది రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది. మొటిమ పుట్టే కారణం అలాగే ఉంటుంది. చర్మం పల్చబడి దానికి అలవాటు పడుతుంది, ఆపగానే తిరగబడుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పిందట.

తర్వాత డాక్టర్ అడిగిన ప్రశ్నలు ఈ రెండేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. పీరియడ్స్ ఎన్ని రోజులకి వస్తున్నాయి? గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయా? తల మీద జుట్టు పల్చబడుతోందా? నాకు 50 రోజులకోసారి వస్తున్నాయి. టెస్టోస్టిరాన్, థైరాయిడ్, స్కానింగ్ రాశారు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ తప్పే సమస్య) అనుమానం. మగ హార్మోన్లు అనే ఆండ్రోజెన్లు ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటాయి, వాటి ప్రభావంతో చర్మంలో జిడ్డు పెరుగుతుంది. టెస్టులన్నీ నార్మల్‌గా ఉన్నా కొందరికి ఇలాంటి మొటిమలు వస్తాయని కూడా చెప్పారు.

ఇప్పుడు ముందు ముఖం కోలుకోవాలి, నెలలు పట్టొచ్చు. ఆ తర్వాతే మొటిమల మీద రాసే అడాపలీన్, అజెలాయిక్ యాసిడ్ లాంటి మందులు. అవసరమైతే గర్భనిరోధక మాత్రలో, ఆండ్రోజెన్ల ప్రభావం తగ్గించే స్పైరనోలాక్టోన్ మాత్రలో. వీటికి ఫలితం తెలియాలంటే దాదాపు మూడు నెలలు ఆగాలి. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి, అడాపలీన్, స్పైరనోలాక్టోన్ వాళ్లకి పనికిరావు.

మూడు నెలలు పట్టే పని పది రోజుల్లో అయిందంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నాకు రాలేదు, మీకు రావాలి.

ఆ క్రీమ్ ఇప్పటికే వాడుతున్నవాళ్లు దయచేసి ఇంకో క్రీమ్ రాసేయకండి, డబ్బా పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరకి వెళ్లండి. నేను నా డబ్బా పారేయలేదు. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు, ఆ వాయిస్ మెసేజ్ అన్నీ దాచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకి ఫిర్యాదు ఇస్తున్నాను. మీ దగ్గర అదే డబ్బా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి ఇద్దాం.