కంటి జన్యు చికిత్స: పీహెచ్‌డీకి ఏ దారి, ఏ వాహకం మేలు?

వంశపారంపర్యంగా వచ్చే రెటీనా వ్యాధులకు జన్యు చికిత్స అనగానే చాలామంది విద్యార్థులు జన్యువు గురించే ఆలోచిస్తారు. ఈ రంగంలో సంవత్సరాలు తినేసింది మాత్రం ఆ జన్యువును సరైన కణం దాకా చేర్చడం. ఆర్‌పీఈ65 జన్యులోపమే పుట్టుకతో వచ్చే ఒక రకం అంధత్వానికి కారణమని 1997లో తేలింది. 2001లో అదే లోపమున్న కుక్కలకు చూపు తెప్పించగలిగారు. మనుషులపై ప్రయోగాలు 2007లో మొదలయ్యాయి. ఆ లోపానికే తయారైన లక్స్‌టర్నా అనే చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది 2017 డిసెంబరులో. కారణం తెలిసిన నాటి నుంచి మందు చేతికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట. అందుకే ఈ రంగంలో పీహెచ్‌డీ చేయదలచినవారు రెండు విషయాలను ముందుగా తూచి చూసుకోవాలని నా అభిప్రాయం: మందును కంటిలో ఏ చోట పెట్టాలి, దాన్ని మోసుకుపోయే వాహకం (హానిచేయని వైరస్ గానీ, కొవ్వుతో చేసిన సూక్ష్మకణం గానీ) ఏది కావాలి.

చోటు విషయంలో ప్రధానమైన దారులు రెండున్నాయి. మొదటిది రెటీనా కిందికి ఎక్కించడం. శస్త్రవైద్యుడు ముందుగా కంటి లోపలి విట్రియస్ జెల్‌ను తొలగించి, వెంట్రుకంత సన్నని సూదితో రెటీనా కింద ద్రవాన్ని వదులుతాడు. లక్స్‌టర్నా విషయంలో ఆ ద్రవం 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. అది రెటీనాను కొద్దిసేపు బుడగలా పైకి లేపుతుంది, ఆ బుడగ పరిధిలో ఉన్న కాంతిగ్రాహక కణాలకూ వాటి అడుగున ఉండే వర్ణక కణాల పొరకూ మందు నేరుగా తగులుతుంది. బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. బుడగ లోపలి కణాలకు పుష్కలంగా అందుతుంది, బయటి కణాలకు దాదాపు అందదు. అసలే పలుచబడిన రెటీనాను లేపడం వల్ల మధ్యభాగంలో రంధ్రం పడే ప్రమాదం ఉంది, తర్వాత శుక్లం రావచ్చు. చికిత్స పొందిన కొన్ని కళ్లలో రెటీనా అంచెలంచెలుగా క్షీణించిన మచ్చలు కూడా నమోదయ్యాయి.

రెండో దారి విట్రియస్‌లోకి ఇంజెక్షన్. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి ఇలాంటి సూదిమందును ఆసుపత్రుల్లో ఇప్పటికే మామూలుగా ఇస్తున్నారు, పెద్ద శస్త్రచికిత్స అక్కర్లేదు. కానీ విట్రియస్‌కూ రెటీనాకూ నడుమ లోపలి సరిహద్దు పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. ఎలుకలో ఈ పొర పలుచగా ఉంటుంది కాబట్టి మందు చక్కగా లోపలికి పోతుంది. కోతిలోనూ మనిషిలోనూ అది మందం, అందువల్ల మామూలు వైరస్ వాహకం రెటీనా మధ్యబిందువు చుట్టూ ఒక వలయంలో ఉన్న కణాలకు మాత్రమే చేరుతుంది. ఎలుక ఫలితాన్ని చూసి సంబరపడిన పరిశోధన కోతి కంటి దగ్గర ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో డేవిడ్ షాఫర్, జాన్ ఫ్లానరీల బృందాలు వైరస్ పైతొడుగులో మార్పులు చేస్తూ, మెరుగైనవాటిని ఏరుకుంటూ పోయి, ఈ అడ్డును దాటగల రూపాన్ని తయారు చేశాయి. అదే తొడుగుతో ఇచ్చిన కాంతి స్పందక ప్రోటీన్ జన్యువు వల్ల, ఏళ్ల తరబడి చూపులేని ఒక వ్యక్తి ప్రత్యేకమైన కళ్లజోడు సాయంతో ఎదుట ఉన్న వస్తువులను గుర్తించగలిగాడని 2021లో వెల్లడైంది.

అలాగని ఈ దారిని సులువైనదనుకోకూడదు. విట్రియస్‌లో పెట్టిన వైరస్ రోగనిరోధక వ్యవస్థకు ఎక్కువగా బహిర్గతమవుతుంది, మోతాదు పెరిగేకొద్దీ కంట్లో వాపు పెరుగుతుంది. ఇంకొక చిక్కు పరిశోధకులకు సంబంధించినది. కంటి నరం దెబ్బతినే లెబర్ వ్యాధికి ఒక కంట్లోనే మందు ఇచ్చిన ప్రయోగాల్లో, మందు ఇవ్వని కన్ను కూడా మెరుగుపడింది. రెండో కంటిని పోలిక కోసం వాడుకోవచ్చుననే అలవాటును ఆ ఫలితం ప్రశ్నార్థకం చేసింది. ప్రయోగాన్ని రూపొందించే విద్యార్థి దీన్ని మొదటి రోజునే గుర్తుంచుకోవాలి.

కంటి తెల్లగుడ్డుకూ రక్తనాళాల పొరకూ మధ్య ఖాళీలోకి సన్నని సూదితో ఎక్కించే మూడో దారి కూడా ఉంది. విట్రియస్‌ను తీయనవసరం లేదన్నది దాని ఆకర్షణ. వంశపారంపర్య వ్యాధుల్లో దాని అనుభవం ఇంకా తక్కువ కాబట్టి ఇక్కడ విస్తరించను.

ఇక వాహకం. అడినో అసోసియేటెడ్ వైరస్, అంటే ఏఏవీ, సుమారు 25 నానోమీటర్ల కణం. విభజన చెందని రెటీనా కణాల్లో అది చేర్చిన జన్యువు ఏళ్ల తరబడి పనిచేయగలదు. దాని అసలు ఇబ్బంది ఇరుకుతనం. అందులో పట్టేది సుమారు 4,700 అక్షరాల డీఎన్‌ఏ మాత్రమే. ఆర్‌పీఈ65కు కావలసిన భాగం 1,600 అక్షరాల చిల్లర గనుక హాయిగా పట్టింది. రెటీనా మధ్యభాగాన్ని దెబ్బతీసే స్టార్‌గార్ట్ వ్యాధికి కారణమైన ఏబీసీఏ4కు దాదాపు 6,800, చూపూ వినికిడీ రెండూ తగ్గే అషర్ సిండ్రోమ్‌కు చెందిన యూఎస్‌హెచ్‌2ఏకు 15,000కు పైగా అక్షరాలు కావాలి. జన్యువును రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపే పద్ధతిని ఇటలీలోని నేపుల్స్‌లో అల్బెర్టో ఆరిక్కియో బృందం వృద్ధి చేసింది. అయితే రెండూ ఒకే కణంలోకి చేరి సరిగ్గా అతుక్కోవాలి, అందుకే ప్రోటీన్ ఉత్పత్తి తగ్గుతుంది.

లిపిడ్ నానోకణాలు దీనికి భిన్నమైన గుణం కలవి. కొన్ని కోవిడ్ టీకాల్లో వాడిన ఈ కొవ్వు తునకలు, ప్రోటీన్ తయారీకి కణానికి సూచనలిచ్చే ఎంఆర్‌ఎన్‌ఏను మోస్తాయి, పొడవు విషయంలో ఏఏవీ అంత పట్టుదలగా ఉండవు. కానీ ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, కాబట్టి లోపించిన ప్రోటీన్‌ను జీవితాంతం అందించడానికి అది పనికిరాదు. జన్యువులోని తప్పు అక్షరాన్ని దిద్దే ఎడిటర్‌ను (బేస్ ఎడిటర్) పంపేటప్పుడు మాత్రం ఇదే లోపం గుణంగా మారుతుంది. ఎడిటర్ తన పని చేసి మాయమైపోతే, అనవసరమైన చోట డీఎన్‌ఏను మార్చే అవకాశం తగ్గుతుంది. ఏఏవీలో పెడితే ఆ ఎడిటర్ ఏళ్ల తరబడి కణంలోనే ఉండిపోతుంది, పైగా సాధారణంగా వాడే బేస్ ఎడిటర్ మొత్తం ఒకే ఏఏవీలో పట్టదు.

ఈ నానోకణాల కష్టం మరొకటి. రెటీనా కింద పెట్టినా అవి ఎక్కువగా వర్ణక కణాల దగ్గరే ఆగిపోయేవి, కాంతిగ్రాహక కణాలు దాదాపు దక్కేవి కావు. అమెరికాలోని ఆరెగాన్‌లో గౌరవ్ సహాయ్, రెనీ రయల్స్ తదితరులు ఏడు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లను (చిన్న ప్రోటీన్ ముక్కలను) పెద్ద సంఖ్యలో వడపోసి, కాంతిగ్రాహక కణాలను పట్టుకునేవాటిని నానోకణాలపై అతికించారు. ఎలుకలోనూ కోతిలోనూ కాంతిగ్రాహక కణాలకు ఎంఆర్‌ఎన్‌ఏ చేరిందని 2023లో ప్రకటించారు. స్పష్టమైన ఒక అడ్డు, దాన్ని దాటే ఒక ఉపాయం, రెండు జంతువుల్లో రుజువు: పీహెచ్‌డీ సమస్య ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

ఈరోజు చికిత్స కావలసిన రోగికైతే రెటీనా కింద పెట్టే ఏఏవీనే మేలు, ఆమోదం పొందిన అనుభవం దానికే ఉంది. నాలుగైదేళ్ల పరిశోధనకు మాత్రం లిపిడ్ నానోకణాలతో బేస్ ఎడిటర్‌ను కాంతిగ్రాహక కణాలకు చేర్చే సమస్యనే నేను సూచిస్తాను. ఏబీసీఏ4లో 5,882వ స్థానంలో 'జీ' బదులు 'ఏ' రావడం తరచుగా కనిపించే మార్పుల్లో ఒకటి, 'ఏ'ను 'జీ'గా దిద్దే ఎడిటర్లు ఇప్పటికే ఉన్నాయి. మేనరికాలు ఇంకా సాగే మన ప్రాంతంలో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం సంక్రమించే వ్యాధుల భారం ఎక్కువ. ఒక్కో రోగికి లక్స్‌టర్నాకు మొదట ప్రకటించిన 8,50,000 డాలర్ల ధరను చూస్తే, వైరస్ అవసరంలేని పద్ధతిపై ఇక్కడి విద్యార్థులు కష్టపడాలన్న నా కోరిక మరింత బలపడుతుంది.

ప్రయోగ నమూనా ఎంపికలో ఒక హెచ్చరిక అవసరం. మూలకణాల నుంచి పెంచిన చిన్న రెటీనాల్లో కాంతిగ్రాహక కణాలు బయటివైపే ఉంటాయి, విట్రియస్ గానీ లోపలి సరిహద్దు పొర అడ్డు గానీ ఉండవు. ఎడిటర్ పనిచేస్తుందో లేదో తేల్చడానికి అవి చాలు, దారి దాటుతుందో లేదో తేల్చడానికి చాలవు. దాని కోసం దానంగా వచ్చిన మనిషి కళ్ల రెటీనాను సరిహద్దు పొర చెదరకుండా ప్రయోగశాలలో కొద్ది రోజులు బతికించి పరీక్షించాలి. నేత్రనిధి, జన్యు పరిశోధన ఒకే ప్రాంగణంలో ఉన్న హైదరాబాద్‌ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఇలాంటి పనికి వీలుంటుంది.