మేకులు పీకడానికి సుత్తా, పటకారా?

పాత తలుపులు, కిటికీలు కొనుక్కుని ఏ బల్లో, షెల్ఫో చేసుకుందామనుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే: మేకులు పీకడానికి ఏం కొనాలి, ఇంట్లో ఉన్న సుత్తి చాలదా? చాలావరకు చాలుతుంది. కానీ ఒక్కటే కొనమంటే మాత్రం నేను పటకారే కొంటాను. షాపులో పిన్సర్ అని అడగండి, 8 అంగుళాలది సరిపోతుంది. కటింగ్ ప్లేయర్ చేతిలో పెడితే వద్దనండి.

మేకు బయటికి రావడం పెద్ద విషయం కాదు, కాస్త మొండిగా పట్టుబడితే దేనితోనైనా వస్తుంది. వచ్చాక చెక్క ఎలా ఉందన్నదే నాకు ముఖ్యం. పాత టేకు మీద సొట్ట పడితే చిత్రిక పట్టి పోగొట్టాలి, పట్టినకొద్దీ మందం తగ్గిపోతుంది. అందుకే పనిముట్టు మేకుని ఎక్కడ పట్టుకుంటుంది, భారం చెక్క మీద ఎక్కడ వేస్తుంది, ఈ రెండే చూస్తాను.

వెనక చీలిక ఉన్న సుత్తి మేకుని తల దగ్గర పట్టుకుంటుంది. తల కొంచెం లేచి ఉండి చీలిక కింద దూరిందంటే దానికి తిరుగులేదు. మూడంగుళాల మేకుని పటకారుతో తియ్యాలంటే మణికట్టు నొప్పెడుతుంది, సుత్తికి పొడుగు పిడి ఉంటుంది కాబట్టి అదే పని తేలిగ్గా అయిపోతుంది. అయితే భారమంతా సుత్తి నెత్తి ఆనిన చోటే పడి అక్కడ చెక్క నొక్కుకుపోతుంది, కాబట్టి కింద ప్లైవుడ్ ముక్క పెట్టాల్సిందే. మేకు సగం వచ్చాక ఆ ముక్క తీసి ఇంకా మందమైనది పెట్టాలి, లేదంటే మేకు నిటారుగా రాకుండా వంగిపోయి బెజ్జాన్ని సాగదీస్తుంది. అందరూ బద్ధకించేది ఈ రెండో ముక్క దగ్గరే. ఇక తల ఊడిపోయిన మేకైతే, కాడని చీలికలో బిగించి సుత్తిని పక్కకి వాల్చి తియ్యొచ్చు గానీ ప్రతిసారీ పట్టు దొరకదు.

పటకారుకి తల ఉన్నా లేకపోయినా ఒకటే, అది పట్టుకునేది కాడని. చెక్కకి ఆనించి పట్టి, పైకి లాక్కుండా పక్కకి దొర్లించాలి, దవడలు బయటివైపు గుండ్రంగా ఉండేది అందుకే. ఒక దొర్లుకి కొంచెమే వస్తుంది, మళ్లీ కిందికి దించి పట్టుకోవాలి. కింద పల్చటి రేకు పెడితే సొట్ట పడదు. మరీ గట్టిగా నొక్కితే మాత్రం సన్న మేకు తెగి ఊరుకుంటుంది.

దాని అసలు విలువ బీడింగ్ దగ్గర, అంటే అంచుల వెంట కొట్టే సన్న చెక్క పట్టీల దగ్గర తెలుస్తుంది. బీడింగ్ ఊడదీస్తే తల లేని సన్న మేకులు దాన్నే పట్టుకుని వస్తాయి. వాటిని వెనకనుంచి కొట్టి ముందువైపుకి తియ్యబోతే పాలిష్‌తో సహా పెచ్చు లేస్తుంది. వెనకవైపు నుంచే కాడ పట్టుకుని దొర్లిస్తే మేకు మొత్తం చెక్కలోంచి దూరి వచ్చేస్తుంది, ముందు చిన్న చుక్క తప్ప ఏమీ కనపడదు. ఇది సుత్తితో అయ్యే పని కాదు, నా మొగ్గు పటకారు వైపు ఉండటానికి సగం కారణం ఇదే.

ఏది వాడినా తుప్పు పట్టిన మేకుని ముందు లోపలికి ఒక దెబ్బ వెయ్యండి, తుప్పు పట్టు విడుతుంది. మొన వెనకవైపు పొడుచుకొచ్చి ఉంటే దాన్ని సరిచేసి అటునుంచి కొడితే తల దానంతటదే లేస్తుంది.

చివర చీలిక ఉన్న చిన్న ఇనుప కడ్డీలు కూడా దొరుకుతాయి, తల కింద చెక్కలోకి దిగగొట్టి లేపడానికి. సెంట్రింగ్ చెక్కలకి భేష్, టేకు దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క పలకల చట్రాల) గురించి అడిగేవాళ్లకి: వాటిలో చాలావరకు మరలు తిరిగిన మేకులే, లాగితే తల ఊడొస్తుంది గానీ మేకు రాదు. పలకల సందులో హాక్సా బ్లేడు దూర్చి కోసెయ్యడమే మేలు. కొనేముందు ముద్ర చూడండి, హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది. ఎంబి ఉన్నది ఇంట్లోకి తేవద్దు.

సోఫాల గుడ్డని చెక్కకి బిగించే రెండు కాళ్ల గన్ పిన్నులకి సుత్తి, పటకారు రెండూ మోటే. సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్‌ని పిన్ను కింద దూర్చి మెలితిప్పితే ఒక కాలు లేస్తుంది, రెండోదాన్ని అప్పుడు పటకారుతో లాగెయ్యొచ్చు. పిన్నుల కోసమే చేసిన లిఫ్టర్ ఉంటుంది, ఒక్క కుర్చీ కోసమైతే దండగ. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి, తుప్పు పట్టిన పిన్ను తెగి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

పటకారు కొనేటప్పుడు దవడలు మూసి వెలుతురుకి పట్టి చూడండి. సందు కనిపిస్తే సన్న మేకు జారిపోతుంది, ఇంకోటి తియ్యమనండి.