సొంతంగా రాసుకున్న హెక్స్ డంప్ ప్రోగ్రాం, ఆరేళ్లు వాడాక

మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఏం తోచక సీ భాషలో ఓ నలభై లైన్ల ప్రోగ్రాం రాసుకున్నా, పని ఒక్కటే, ఏ ఫైల్ ఇచ్చినా బైట్లు చదివి హెక్స్‌లో (0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్ దాకా వాడే పదహారంకెల లెక్క, ఒక్కో బైటుకి రెండంకెలు) ప్రింట్ చెయ్యడం. ఆరేళ్లయింది, ఆఫీసులో ఇప్పటికీ రోజూ అదే వాడుతున్నా.

మొదట్లో మాత్రం ఏడిపించింది. ఎఫ్‌గెట్‌సీ (ఫైల్ నుంచి ఒక్కో బైటు చదివే ఫంక్షన్) ఇచ్చినదాన్ని క్యార్‌లో (ఒక్క బైటు పట్టే వేరియబుల్) పెట్టుకుని ఈఓఎఫ్ (ఫైల్ అయిపోయిందని చెప్పే గుర్తు) వచ్చేదాకా లూప్ తిప్పా, టెక్స్ట్ ఫైళ్లకి బంగారంలా నడిచింది. మా పని ఫ్లాష్ ఇమేజ్‌లతో (బోర్డు మీది మెమరీ చిప్‌లోని డేటా అంతా ఒక ఫైల్‌గా), నార్ ఫ్లాష్ అనే రకం చిప్‌లో ఎరేజ్ చేసిన చోటంతా ఎఫ్ఎఫ్‌లే ఉంటాయి కదా, మొదటి ఎఫ్ఎఫ్ రాగానే ప్రోగ్రాం ఆగిపోయేది, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో క్యార్ సైన్డ్ (మైనస్ అంకెలు కూడా పట్టేది), అందులో ఎఫ్ఎఫ్ అంటే మైనస్ 1, ఈఓఎఫ్ కూడా అదే. నేనేమో ఇమేజే పాడైందనుకుని రెండ్రోజులు బోర్డుతో కుస్తీ పట్టా. అదే కోడ్ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న లైనక్స్ బోర్డు మీద పెడితే అసలు ఆగనే లేదు, అక్కడ క్యార్ అన్‌సైన్డ్ (మైనస్‌లు ఉండవు), మైనస్ 1 కాస్తా 255 అయిపోయి ఈఓఎఫ్‌తో ఎప్పటికీ కలవదు. క్యార్ బదులు ఇంట్ (255నీ మైనస్ 1నీ విడివిడిగా పట్టే పెద్ద వేరియబుల్) అని మారిస్తే రెండు చోట్లా కుదురుకుంది.

తర్వాత స్పీడ్ కోసం ఎఫ్‌రీడ్‌కి (ఒకేసారి బోలెడు బైట్లు చదివేది) మారి, బఫర్‌ని మళ్లీ ఉత్త క్యార్ అనే పెట్టా (బుద్ధి రాలేదు). 7ఎఫ్ దాటితేనే బైటు మైనస్ అవుతుంది, ఇంగ్లిష్ ఫైల్‌లో అలాంటి బైటే ఉండదు కాబట్టి తెలీలేదు. 'తెలుగు' అని ఒక్క మాట రాసిన ఫైల్ ఇచ్చా, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) అది 18 బైట్లు, ఈ0 బీ0 ఏ4 అని మొదలవ్వాలి, ఒక్కోదాని ముందు ఆరేసి ఎఫ్‌లు తగిలించుకుని వచ్చాయి. మా గుంటూరు రూమ్మేట్ చూసి "ఏంట్రా ఇన్ని ఎఫ్‌లు, నీ బీటెక్ మార్కుల లిస్టా" అన్నాడు. అన్‌సైన్డ్ క్యార్ పెట్టాక పోయాయి. ప్రింట్‌ఎఫ్‌లో (ప్రింట్ చేసే ఫంక్షన్) హెక్స్ అని చెప్పే ఎక్స్ ముందు 02 కూడా మర్చిపోవద్దు, లేకపోతే 0ఏ వట్టి ఏ అయిపోయి కాలమ్స్ వంకర్లు పోతాయి.

విండోస్‌లో ఫైల్‌ని ఉత్త ఆర్‌తో (టెక్స్ట్ మోడ్) ఓపెన్ చేస్తే ఇంకో గొడవ, ఆర్‌బీ (బైనరీ మోడ్) ఉండాల్సిందే. టెక్స్ట్ మోడ్‌లో 1ఏ రాగానే ఫైల్ అయిపోయిందనుకుంటుంది, పీఎన్‌జీ (బొమ్మల ఫైల్) మొదటి 8 బైట్లలోనే 1ఏ ఉంది, అంటే ఏ పీఎన్‌జీ ఇచ్చినా 5 బైట్లు చూపించి చేతులెత్తేస్తుంది.

ఇంత అవస్థ ఎందుకు, విమ్ అనే ఎడిటర్‌తో వచ్చే ఎక్స్‌ఎక్స్‌డీ అనే హెక్స్ ప్రోగ్రాం ఉందిగా అంటారు. నిజమే, హెక్స్ నుంచి మళ్లీ బైనరీకి తిప్పడం దానికొచ్చు, నాదానికి రాదు. హెక్స్‌డంప్ అనే కమాండ్ అయితే పెద్ద సీ (-C) ఆప్షన్ లేకుండా వాడకండి, మామూలు ల్యాప్‌టాప్‌లో రెండేసి బైట్లు తారుమారు చేసి 89 50ని 5089 అని చూపిస్తుంది, మా టీంలో కొత్తగా చేరినబ్బాయి దీంతోనే ఒక పూటంతా పోగొట్టుకున్నాడు.

నేను నాదే వాడేది ఒక్క పని కోసం, ఎఫ్ఎఫ్‌లు వరసగా వస్తే హెక్స్‌డంప్‌లా స్టార్ గుర్తు (*) పెట్టి ఊరుకోకుండా ఎన్ని బైట్లు ఉన్నాయో లెక్క చెప్తుంది, ఫ్లాష్‌లో ఎంత ఖాళీయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ ముక్క రాయడానికి పట్టింది ఆరు లైన్లే.